బూట్ల తాత చెప్పిన మూడో మాట

నవంబర్ 6

అత్తా,

ముందే చెప్తున్నా, ఈ ఉత్తరం సంగతి ఫోన్‌లో ఎత్తకు. ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను. నువ్వు చేశావంటే నాన్న స్పీకర్ పెట్టేస్తాడు, అమ్మ వంటింట్లోంచే జవాబులు చెప్తుంది, గోడవతల నుంచి పెదనాన్న కూడా "ఎవరూ, మా చెల్లెలేనా?" అని కేకేస్తాడు. అందుకే ఉత్తరం. నువ్వు కూడా స్కూల్ అడ్రస్‌కే రాయి. ఆఫీసులో ఆయా నా చేతికే ఇస్తానంది.

నా రాత చూసి నవ్వకు. స్కూల్లో అన్నీ ఇంగ్లీషులోనే కదా, మన అక్షరాలు రాస్తుంటే ఒత్తు దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది.

మన చేలోకి ఒకాయన వచ్చారు, నాన్న నీకు చెప్పే ఉంటాడు. వాళ్ళ దేశంలో జీవితమంతా సేద్యం చేసి, ఇప్పుడు కొడుక్కి అప్పజెప్పేశారట. అలాంటి పెద్దవాళ్ళని మనలాంటి చిన్న చేల వాళ్ళ దగ్గరికి సలహాలు చెప్పడానికి పంపే సంస్థ ఒకటుంది. జీతం లేదు, తిండీ గదీ ఇస్తారంతే. ఈయన ప్రతి గట్టు దగ్గరా ఆగి, బకెట్లో మందునీళ్ళు కలుపుకుని, బ్రష్‌తో బూట్లు తోముకుంటే గానీ చేలో అడుగుపెట్టరు. బయటికొచ్చాక మళ్ళీ తోముకుంటారు. "ఈయన సేద్యం కంటే బూట్లు తోమడమే ఎక్కువ చేసినట్టున్నాడు" అన్నాడు పెదనాన్న. అప్పట్నుంచీ అందరికీ బూట్ల తాత అయిపోయారు.

ఆయన ఇంగ్లీషుని మన మాటల్లో చెప్పడానికి ఆ సంస్థ ఆఫీసు వాళ్ళు ఒక మనిషిని పంపాలి. ఆ మనిషికి జ్వరమట. నాన్న ఛాతీ విరుచుకుని, "మా అమ్మాయి ఉండగా ఇంకో మనిషెందుకండీ" అన్నాడు. అలా నేను ఇరుక్కున్నాను.

నీకు తెలియందేముంది, వీధి మొత్తానికి ఏటా ఒక్క ఇల్లే విత్తన అల్లం దాచాలి, మిగిలినవాళ్ళు పండిందంతా అమ్మేసుకోవాలి. ఈ ఏడు వంతు మనది. నాన్న ఎంత మురిసిపోతున్నాడంటే, విత్తనం గొయ్యి మీద పందిరి అప్పుడే వేసేశాడు. అందుకని బూట్ల తాత వచ్చిన రోజు వీధి వీధంతా మన గట్టు మీదే కూర్చుంది. కింది మూల, కాలవ పక్కన, కొన్ని మొక్కలు వాలిపోయి ఉన్నాయి. ఆయన ఒక కాడ పట్టుకుని లాగితే మొదలు దగ్గర పుటుక్కున ఊడొచ్చింది. వాసన కూడా బాలేదు. గ్లాసుతో నీళ్ళు తెమ్మన్నారు. కాడని కోసి, ఆ ముక్కని నీళ్ళలోకి వేలాడదీసి పట్టుకున్నారు. కోసిన చోటు నుంచి తెల్లగా దారాల్లాగా ఏదో కిందకి దిగింది అత్తా. పొగని తలకిందులు చేసినట్టు.

అప్పుడు ఆయన మూడు మాటలు చెప్పారు. ఒకటి, ఈ మూల నీళ్ళు పై మడుల్లోకి ఎక్కకుండా గట్టు వెయ్యమని. అది చెప్పేశా. రెండు, మీరు కూడా బూట్లూ పారలూ కడుక్కోమని. అది చెప్తుంటే నాకే నవ్వొచ్చింది, అందరూ నవ్వారు. మూడోది మన విత్తనం గురించి. అది మంచి మాట కాదు. నేనింకా నవ్వుతూనే ఉన్నా, పెదనాన్న "విత్తనం గురించి ఏమన్నాడమ్మాయ్?" అని అడిగాడు. అందరూ నా మొహమే చూస్తున్నారు. నాన్న కూడా. నా నోట్లోంచి "నీడలో జాగ్రత్తగా దాచుకోమన్నారు" అని వచ్చేసింది.

అందరూ "మరే" అని తలలూపారు. నేను చెప్పేశాననుకుని బూట్ల తాత కూడా ఊపారు.

అత్తా, ఎవరైనా మూడు మాటలు చెప్తే రెండే చెప్పడం అబద్ధం కిందకి వస్తుందా? ఊరికే అడుగుతున్నా.

నీ ఉడత


నవంబర్ 19

ఒసేయ్ ఉడతా,

నీ ఉత్తరం చూసి ముందు భయపడ్డా. మన ఇంట్లో ఉత్తరం రాశారంటే ఎవరో పోయి ఉండాలి కదా. మా ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ చేసే ఆవిడ పక్కనుంచి "విప్పవమ్మా, నువ్వలా పట్టుకుంటే లోపల మాట మారుతుందా" అని తిడితే విప్పా. కాగితం దొరక్క లాండ్రీ చీటీల వెనక రాస్తున్నా, అటు తిప్పితే దుప్పట్లూ దిండు గలీబులూ కనిపిస్తాయి, పట్టించుకోకు.

చిన్నప్పుడు జీళ్ళు దిండు కింద దాచి, చీమలు పట్టాక ఏడ్చేదానివి. నీకు ఉడత అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు మాటలు దాస్తున్నావా? దీనికేం ఏడవక్కర్లేదులే. మూడోమాట ఏంటో నువ్వు చెప్పకపోయినా నాకు తెలుసు. మీ విత్తనం పాతబడిపోయింది, అవతల పారేసి మా దేశం విత్తనం కొనుక్కోండి, అంతేగా? జీతం లేకుండా అంత దూరం ఎవడొస్తాడే పిచ్చిమొహమా! ఇక్కడ ఆస్పత్రికీ వచ్చారు అలాంటివాళ్ళు, పాత సబ్బు మంచిది కాదు మా సబ్బు వాడండి అని. ఆ సబ్బుకి నా చేతులు పొక్కులొచ్చాయి.

మన విత్తనం మీ ముత్తాత నాటినది. దాన్ని పట్టుకుని నలుగురిలో అలా అంటే మీ నాన్న తలెక్కడ పెట్టుకుంటాడు? చిన్నప్పుడు వాడు ఏం ముట్టుకున్నా విరగ్గొడతాడని మీ పెదనాన్న వాడికి పార కూడా ఇచ్చేవాడు కాదు. ఇన్నాళ్ళకి వాడి చేతికి వంతొచ్చింది. నువ్వు చెప్పకపోవడమే మంచి పని. పెద్ద ఆరిందావి అయిపోయావు.

పెద్ద మెషీన్ చెడిపోయి వారమైంది. చేత్తో పిండుతున్నాం. నా నడుం నాది కాదు.

బాగా చదువుకో. ఇంగ్లీషు వచ్చిందిగా అని మన రాత మానకు, ఒత్తులన్నీ బానే పెట్టావు.

మీ అత్త


జనవరి 12

అత్తా,

నీ ఉత్తరం చదివి చాలా రోజులు జవాబు రాయలేకపోయా. పరీక్షలు అని కాదు.

ఆయన కొనుక్కోమనలేదు అత్తా. ఆయన ఏమీ అమ్మరు. వెళ్ళిపోయేటప్పుడు ఆయన బ్రష్ కూడా నాన్నకే ఇచ్చేసి వెళ్ళారు. ఆ మూడోమాట వేరే. ఇక్కడ రాయలేను, ఈ ఉత్తరం ఎవరైనా విప్పితే?

వెళ్ళేముందు స్కూల్ గేటు దగ్గర కనిపించారు. "మీ నాన్నకి అన్నీ చెప్పావు కదా?" అని అడిగారు. చెప్పాననేశా. ఇంగ్లీషులో అబద్ధం ఎంత తేలిగ్గా వస్తుందో. ఆయన వెంటనే నమ్మేశారు. వానలకి ముందు ఇంకొకరు వస్తారట, ఈ చేలన్నీ మళ్ళీ చూడటానికి. ఈసారి ఆఫీసు మనిషి తప్పకుండా వస్తాడని కూడా చెప్పారు. అది విన్నప్పట్నుంచీ నాకు అన్నం సయించట్లేదు. అమ్మ జ్వరమేమో అని నుదురు పట్టి చూస్తోంది.

అల్లం తవ్వేశారు. నాన్న ఒక్కో దుంపా చేత్తో తిప్పి చూసి, నిగనిగలాడేవే ఏరాడు. ఇసక వేసి, ఎండాకులు పరిచి, గొయ్యి నింపేశాడు. స్కూల్ నుంచి వచ్చేటప్పుడు నేను ఆ పందిరి వైపు చూడను, అటు మొహం పెట్టకుండా ఇంట్లోకి వెళ్ళిపోతాను. నాన్నేమో రోజూ వెళ్ళి చెయ్యి పెట్టి చూసొచ్చి, "చల్లగా ఉందే, హాయిగా నిద్రపోతోంది" అంటాడు, అదేదో పసిపిల్లయినట్టు.

నిన్నొకటి అడగాలి. మీ లాండ్రీలో రోగం ఉన్నవాళ్ళ దుప్పటి ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటే, పొరపాటున మంచివాటిలో కలిసిపోతే మీరేం చేస్తారు? పైకి చూస్తే తెల్లగానే ఉంటుంది కదా?

తొందరగా రాయి.

నీ ఉడత


జనవరి 25

ఉడతా,

ఎవరికొచ్చింది రోగం? నీకేనా? ఎక్కడ? ఒంటి మీద మచ్చలా, లేక చెప్పుకోలేని చోటా? మీ అమ్మకి చెప్పావా? అన్నం సయించడం లేదని రాసి దుప్పట్ల సంగతి అడుగుతావేంటే! మా నర్సమ్మని అడిగా, పిల్లని తీసుకొచ్చెయ్ చూద్దాం అంది. బస్సు ఖర్చు నేనిస్తా. సిగ్గుపడకు. పదహారేళ్ళ పిల్లకి ఒంట్లో బాలేకపోవడం నేరం కాదు.

నువ్వు అడిగావు కాబట్టి చెప్తున్నా. రోగం దుప్పట్లు వేరే రంగు సంచీలో వస్తాయి. ఒకటి పొరపాటున మంచివాటిలో పడిందనుకో, ఇక ఆ బండెడూ రోగం దుప్పట్లే. తెల్లగా ఉందా నల్లగా ఉందా అని చూడం. మొన్న కొత్తమ్మాయి ఒకతి అలాగే కలిపేసింది. నేనేం తిట్టలేదు. మెషీన్ తిరిగేలోపు పరిగెత్తుకొచ్చి చెప్పింది కదా. తిరిగాక తెలిస్తే మాత్రం ఊరుకునేదాన్ని కాదు, ఆ దుప్పట్లు వార్డుల్లోకి వెళ్ళిపోతాయిగా.

ఒక మంచి మాట. ఇస్త్రీ ఆవిడ దగ్గర మీ నాన్న వంతు గురించి గొప్పలు పోయా. ఆవిడ తమ్ముడికీ అల్లం పెట్టాలని కోరికట. వాళ్ళది నదికి అవతల, బోరు నీళ్ళున్నాయి, వానల కోసం చూడక్కర్లేదు. మీ నాన్నకి ఫోన్ చేసి రెండు బస్తాలు ఇవ్వరా అంటే, "నువ్వు అడగాలా అక్కా" అన్నాడు. ఆ తమ్ముడు మొన్నే వచ్చి పట్టుకెళ్ళాడు. నువ్వు స్కూల్లో ఉన్నావట.

ముందు నీ ఒంటి సంగతి రాయి. దాచావంటే వీపు విమానం మోత మోగుతుంది.

మీ అత్త


ఫిబ్రవరి 3

అత్తా,

నాకే రోగమూ లేదు. అల్లానికి.

ఇప్పుడు మొత్తం రాసేస్తున్నా, ఎవరు విప్పినా సరే. ఆ గ్లాసులో తెల్లగా దిగినది రోగం. మామూలు తెగులు కాదు, మందు కొడితే పోయేదీ కాదు. మొక్క లోపలే ఉంటుంది, దుంపలోకి దిగుతుంది, మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతుంది. బూట్ల తాత మూడోమాట ఇది: "ఈ చేను అల్లం తినొచ్చు, ఎండబెట్టి అమ్ముకోవచ్చు, మనుషులకేం కాదు. కానీ ఒక్క దుంప కూడా విత్తనానికి ఉంచొద్దు. ఎవరికీ ఇవ్వొద్దు. పైకి బాగున్నవి కూడా." ఆయన మెల్లగా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పారు, నాకు అర్థం కాదేమోనని. నాకు అర్థమైంది. అసలు గొడవంతా అదే.

అప్పుడు చెప్పలేదు, నలుగురూ ఉన్నారని. ఆ సాయంత్రం చెబుదామనుకున్నా, నాన్న గొయ్యి కొలుస్తూ పాట పాడుతున్నాడు. మర్నాడు చెబుదామంటే, నిన్న ఎందుకు చెప్పలేదంటాడు. అలా రోజురోజుకీ అది పెద్దదైపోయింది. నువ్వేమో మంచి పని చేశావన్నావు. నిన్నేం అనట్లేదు. కానీ అది చదివాక నాకు ఒక నెల ధైర్యం వచ్చింది, ఆ ధైర్యమే కొంప ముంచింది.

ఇప్పుడు నదికి అవతల కూడా వెళ్ళింది. అక్కడ అల్లమే లేదు కదా ఇంతవరకూ. నా వల్ల వెళ్ళింది.

వీధిలో అందరూ తమ అల్లం అమ్మేసుకున్నారు. మన గోతిలో ఉన్నదే అందరి విత్తనం. చెప్తే ఈ ఏడు ఎవరికీ పంట లేదు. చెప్పకపోతే అన్ని చేలూ పాడవుతాయి. నాన్న మొహం చూసి నేను చెప్పలేను. నువ్వే చెప్పెయ్ అత్తా. నీ మాటైతే వింటాడు.

ఉడత


ఫిబ్రవరి 10

ఉడతా,

చదవగానే ఫోన్ చేతిలోకి తీసుకున్నా. మీ నాన్న "అక్కా!" అన్నాడు. "ఏం లేదురా, ఊరికే" అని పెట్టేశా. ఎందుకో చెప్తా.

నేను చెప్పానంటే వాడు నన్ను నమ్ముతాడు, నీ మీద నమ్మకం మాత్రం పోతుంది. నువ్వు చెప్తే తిడతాడు, కొడతాడేమో కూడా తెలీదు, కానీ దాచిన నోరే కదా చెప్పింది అని ఉంటుంది. నువ్వే చెప్పాలి. బస్తాలు వచ్చే నెల మొదటి ఆదివారం పంచుతారని మీ అమ్మ చెప్పింది. అంతవరకూ చూస్తా. ఆ శనివారానికి నీ కబురు రాకపోతే బస్సెక్కి వచ్చి నీ చెవి పట్టుకుని వాడి ముందు నిలబెడతా.

నాదీ తప్పే. తెలియని దానికి తెలిసినట్టు రాశా. సబ్బు వేరు, అల్లం వేరు. పైగా గొప్పలకి పోయి రెండు బస్తాలు ఊరేగించా. నది అవతలి సంగతి నాకొదిలెయ్. ఆదివారం ఇస్త్రీ ఆవిడని వెంటబెట్టుకుని వెళ్తా. ఆవిడకింకా చెప్పలేదు. ఎలా చెప్పాలో నాకూ తెలియట్లేదు, చూశావా? యాభై ఏళ్ళొచ్చాయి నాకు.

అన్నం తిను. ఆ కొత్తమ్మాయి సంగతి గుర్తుందిగా, నీ మెషీన్ ఇంకా తిరగలేదు.

అత్త


మార్చి 2

అత్తా,

చెప్పేశా. నువ్వు బస్సెక్కక్కర్లేదు.

ఎలాగంటే, నోటితో మొదలుపెట్టడం నా వల్ల కాలేదు. మొన్న స్కూల్ నుంచి రాగానే గోతిలోంచి ఒక దుంప తీశా. నిగనిగలాడుతోంది. పల్చగా కోసి, గ్లాసు నీళ్ళలో దారంతో వేలాడదీశా. ఏమీ రాకపోతే బాగుండని దేవుళ్ళందరికీ చెప్పుకున్నా. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత సన్నగా దిగింది. అమ్మ వచ్చి "ఏంటే ఇది, గ్లాసు పాడుచేస్తున్నావ్" అని ఒంపెయ్యబోయింది. లాక్కుని వాకిట్లోకి పరిగెత్తా.

నాన్న బస్తాలకి తాడు కోస్తున్నాడు. గ్లాసు ఆయన ముందు పెట్టా. చూశాడు. "బూట్ల తాత చేసిందే కదా ఇది?" అన్నాడు.

"ఇది గోతిలో దుంప నాన్నా. ఆయన మూడు మాటలు చెప్పారు. నేను రెండే చెప్పా" అన్నా. తర్వాత మూడోది చెప్పా. ఆయన చెప్పినట్టే, మెల్లగా, ఒక్క మాట కూడా మింగకుండా.

నాన్న తిట్టలేదు. తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టాడు. "చెప్పొద్దని ఎవరైనా అన్నారా?" అని అడిగాడు.

"లేదు."

"ఆ రోజు ఆ నీళ్ళు నేనూ చూశానే. తెల్లగా దిగుతుంటే ఇదేదో చెడ్డదే అనుకుని నీ మొహం చూశా. నువ్వు నవ్వుతున్నావు. పోనీలే, ఏం లేదన్నమాట అనుకున్నా."

ఇంతే అన్నాడు అత్తా. కొట్టినా బాగుండేది.

అప్పటికే కొందరు ముందుగా బస్తాలు పట్టుకెళ్ళారు. నాన్న చొక్కా వేసుకుని "పద" అన్నాడు. "నువ్వు చెప్పవా నాన్నా?" అంటే, "వాళ్ళు విన్నది నీ నోట, నా నోట కాదు" అన్నాడు. ప్రతి ఇంటికీ ఇద్దరం వెళ్ళాం. నేను చెప్పడం, ఆయన నా వెనక నిలబడటం.

పెదనాన్న నాన్న వైపు తిరిగాడు. "అమ్మాయికి ఆ ఇంగ్లీషు సరిగ్గా అర్థమయ్యుండదురా, చిన్నపిల్ల, వాడి యాస అలాంటిది" అన్నాడు. నాన్న పరువు కోసమే అన్నాడు. అవునని తలూపితే అయిపోయేది. నాన్న కూడా నా కోసం ఆగాడు. "అర్థమైంది పెదనాన్నా. అర్థమయ్యే చెప్పలేదు" అన్నా. పెదనాన్న లోపలికి వెళ్ళిపోయాడు. బస్తా మాత్రం ఆయనే బయటికి దొర్లించాడు.

చివరింటి మామ్మకి వినపడదు కదా. రెండుసార్లు చెప్పినా "ఆఁ?" అంది. మూడోసారి వీధంతా వినేట్టు "మా విత్తనం చెడ్డది మామ్మా! నాటొద్దు!" అని అరిచా. ఎదురింటివాళ్ళు కిటికీలు తెరిచారు. మామ్మ "అయితే ఈ ఏడు నడుం వంచక్కర్లేదన్నమాట" అంది. నాన్నకి నవ్వాగలేదు. ఆ రోజంతటికీ అదొక్కటే నవ్వు.

ఇప్పుడు వీధిలో అందరూ అల్లం ముక్కలు కోసి ఎండబెడుతున్నారు. కడిగిన నీళ్ళు చేలోకి పోకుండా నాన్న గొయ్యి తవ్వాడు. నా యూనిఫాం కూడా అల్లం వాసనే. క్లాసులో పక్కపిల్ల "నీకు జలుబా?" అని అడిగింది.

వచ్చే ఏడు వంతు పక్కింటికి మార్చారు. నాన్న వంతు మళ్ళీ ఎప్పుడో తెలియదు. నాతో మాట్లాడుతున్నాడు, అన్నం తిన్నావా, పుస్తకాలు సర్దావా, అంతవరకే.

నీ సంగతి రాయి.

ఉడత


మార్చి 14

ఉడతా,

నా సంగతి బాలేదు. ముందు వెళ్ళిన ఆదివారం ఆ తమ్ముడి ఇంటికి తాళం వేసి ఉంది, ఎరువు కోసం ఆలుమగలిద్దరూ టౌనుకి వెళ్ళారట. ఆ మర్నాడే నాటేశాడు. మళ్ళీ వెళ్ళేసరికి మొలకలు పైకి తేలుతున్నాయి. చెప్తే వినడే! "మొలకలు ఇంత బాగుంటే రోగమంటారేంటి, మీ వీధిలో బస్తాలు తక్కువపడ్డాయా" అన్నాడు. గ్లాసు అడిగా. నువ్వు రాసినట్టే మొలకని కోసి వేలాడదీసి, కదలకుండా పట్టుకున్నా. చెయ్యి లాగేసింది. దిగింది. వాళ్ళావిడ చూసి కూలబడింది.

పీకేశారు. ఆ మడి ఇక అల్లానికి పనికిరాదు. ఇస్త్రీ ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. ఒకే గదిలో పని, ఒకే బల్ల మీద అన్నం, మాట లేదు. నిన్న నా జాకెట్టు ఇస్త్రీ చేసి పెట్టింది, మడత మాత్రం తప్పుగా వేసింది. కావాలనే.

మీ నాన్నకి టైమివ్వు. వాడు చిన్నప్పట్నుంచీ అంతే, కోపం వస్తే పని చేస్తాడు, మాటలు తగ్గిపోతాయి.

ఆ గ్లాసు పరీక్ష భలేగా ఉందే. మా డాక్టర్లకి ఇంత తేలిగ్గా తేలే పరీక్ష ఒక్కటీ లేదు.

అత్త


ఏప్రిల్ 21

అత్తా,

ఇస్త్రీ ఆవిడ మాట్లాడిందా? ఆవిడకి నా తరఫున ఏం చెప్పాలో తెలియక ఏమీ చెప్పమనట్లేదు. సెలవుల్లో వచ్చి నేనే చెప్తా.

రెండో మనిషి వచ్చారు. ఈసారి ఆడావిడ. మా అమ్మ వయసుంటుంది, కూరగాయల నారు పెంచుతారట వాళ్ళ దేశంలో. ఆవిడ కూడా బూట్లు తోముకున్నారు. నాన్న ఆమె కంటే ముందే బూట్ల తాత ఇచ్చిన బ్రష్ తీసి తోముకున్నాడు, ఆవిడ ఆశ్చర్యపోయారు. ఆఫీసు మనిషి కూడా వచ్చాడు, తెల్ల చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. నా పని లేదు కదా అని వెనక్కి వెళ్ళి నిలబడ్డా. నాన్న చూసి, "ఇలా రా, ముందు కూర్చో" అన్నాడు.

మళ్ళీ వీధంతా గట్టు మీద కూర్చుంది. ఆవిడ చేను చుట్టూ తిరిగి, మట్టి చూసి, చెప్పడం మొదలుపెట్టారు. ఆఫీసాయన చక్కగా మన మాటల్లో చెప్తున్నాడు. ఈ చేలో నాలుగేళ్ళు అల్లం వద్దు. మొక్కజొన్న, చిక్కుడు వేసుకోండి. టమాటా, వంకాయ కూడా వద్దు, వాటికీ ఈ రోగం పడుతుంది. విత్తనం నాటకుండా ఆపారు కాబట్టి పై చేలు బాగున్నాయి. ఆయన ఒక్కో మాటా ముగించగానే నాన్న ఆయన్ని చూడట్లేదు అత్తా. నా వైపు తిరిగి "అంతేనా?" అంటున్నాడు. నేను "అంతే నాన్నా" అంటున్నా. ఆఫీసాయనకి కొంచెం కోపమొచ్చినట్టుంది. నాన్న పట్టించుకోలేదు.

చివర్లో ఆవిడ కాలవ వైపు చెయ్యి చూపించి ఇంకో మాట చెప్పారు. మన కింది మూల నీళ్ళు ఆ కాలవలోంచి నేరుగా పెదనాన్న చేలోకి దిగుతున్నాయి, కాబట్టి ఆ చేలోనూ అల్లం పెట్టకూడదు, ఆయన కొత్తగా ఎక్కణ్ణించి విత్తనం తెచ్చినా సరే అని. పెదనాన్న అక్కడే ఉన్నాడు. అప్పుడే ఆఫీసాయనకి గొడుగు కూడా పట్టాడు ఎండగా ఉందని. వేరే చోట నుంచి మంచి విత్తనం తెప్పిస్తున్నానని పొద్దుట్నుంచీ అందరికీ చెప్పుకుంటున్నాడు.

ఆఫీసాయన పెదనాన్న మొహం చూశాడు. కొంచెం నవ్వాడు. "కాలవ శుభ్రంగా ఉంచుకోమంటున్నారు" అన్నాడు.

అందరూ "మరే" అని తలలూపారు. ఆవిడ కూడా ఊపారు.

నాన్న నా వైపు తిరిగి, "అంతేనా?" అన్నాడు.

పెదనాన్న గొడుగు పట్టుకునే ఉన్నాడు.

"కాదు నాన్నా. ఇంకో మాటుంది" అన్నా. లేచి నిలబడి, పెదనాన్న వైపు తిరిగి, మొత్తం చెప్పా.

చెప్పేటప్పుడు నవ్వలేదు అత్తా.

నీ ఉడత

తా.క. పెదనాన్న రెండు రోజులు మన గడప తొక్కలేదు. ఇవాళ పొద్దున గోడ మీంచి చిక్కుడు గింజలు ఉన్నాయా అని అడిగాడు. నువ్వు ఇక ఫోన్ చెయ్యొచ్చు. నాన్న స్పీకర్ పెట్టినా పర్వాలేదు.